ఒకరు లోపలుంటే

దర్శి నుంచి తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం సంతోషకుమారి మొహం మీద నాలుగు నీళ్లు చల్లుకుని, సంచిలోంచి బట్టలైనా తీయకుండా మేడమీద కంప్యూటరు ముందు కూర్చుంది. అక్క కాలు విరిగి మంచానపడితే వండిపెట్టడానికి వెళ్లి రెండు వారాలు ఉండొచ్చింది. అక్కడున్నన్నాళ్లూ ఆమెకి ఒకటే ధ్యాస. ఇంటికెళ్లాలి, కూతురి ఫోల్డరు తెరవాలి, ఆ గొంతు వినాలి.

ఫోల్డరు తెరుచుకోలేదు.

జెస్సీ అన్న పేరు మీద నొక్కింది. కాసేపు గుండ్రంగా తిరిగి, తెరవడం కుదరదంటూ తెర మీద ఒక పెట్టె వచ్చింది. మూసేసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే పెట్టె. కంప్యూటరు ఆపి వేసింది. నెట్టు డబ్బా ప్లగ్గు పీకి పెట్టింది. పక్కగది తలుపు తోసి చూస్తే జెస్సీ కంప్యూటరు ఎప్పటిలాగే చిన్నగా మూలుగుతూ, నీలం లైటు వెలిగించుకుని బల్లమీద కూర్చుని ఉంది. దానికి జబ్బేమీ ఉన్నట్టు లేదు. సంతోషకుమారి ‘తీసేశాడు,’ అనుకుంది. ‘అన్నంత పనీ చేశాడు.’

అనుకున్నది మొగుడు తోమాని.

వాళ్ల ఇల్లు సత్తెనపల్లిలో ఊరి చివర సందులో ఉంది. కింద ముందుగది ఫ్లెక్సుల షాపు, వెనక వంటిల్లు, మేడమీద రెండు గదులు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లాడు పుట్టినా ఫ్లెక్సే, పిల్ల పెద్దమనిషయినా ఫ్లెక్సే, వార్డు మెంబరు గెలిచినా ఫ్లెక్సే. ఎక్కువ ఆర్డర్లు మాత్రం పోయినవాళ్లవి. శవం ఇంకా ఇంటిముందు ఉండగానే ఎవరో బండేసుకుని వస్తారు, ఫోనులో ఫోటో చూపిస్తారు, గంటలో కావాలంటారు. ఆ ఫోటోలో పక్కవాళ్లని తీసేసి, చెదిరిన జుట్టు సర్ది, వెనకాల మబ్బులు పెట్టి, పైన ‘అశ్రునివాళి’ అని రాసి సంతోషకుమారి మేడమీంచి కిందికి పంపుతుంది. కింద తోమా మిషనెక్కిస్తాడు. బతికినన్నాళ్లూ ఒక్క ఫోటో సరిగ్గా దిగని పత్తి కూలీ కూడా పోయిన రోజున ఆరడుగుల మనిషై, మబ్బుల్లో నిలబడి నవ్వుతాడు. అది ఈ మొగుడూ పెళ్లాల పనితనమే.

ఆ పంపడమూ అందుకోవడమూ నేర్పింది జెస్సీ. అంతకుముందు పెన్‌డ్రైవు పట్టుకుని మెట్లెక్కి దిగీ తల్లికి మోకాళ్లు పోయేవి. పాలిటెక్నిక్కులో చేరిన ఏడాది ఆ పిల్ల కేబులు కోటేషుని పిలిపించి ఇల్లంతా వైర్లు లాగించి, మేడమీద తల్లి కంప్యూటరూ, కింద తండ్రి కంప్యూటరూ, తన గదిలోదీ మూడింటినీ కలిపేసింది. పని ఫైళ్లన్నీ తన కంప్యూటర్లో పెట్టించింది. “ఇంటికి బియ్యం డబ్బా ఒకటే కదమ్మా. ఎవరికి కావాలన్నా అందులోంచే తీసుకోవాలి,” అంది.

మొదట్లో ఒక పెద్ద రభస జరిగింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే ఫైలు ఒకేసారి తెరిచి, ఈమె ఒకటి దిద్ది, ఆయన ఇంకొకటి దిద్ది, ఎవరిది ఎవరిమీద పడిందో చూసుకోకుండా మిషనెక్కించారు. తెల్లారేసరికి రామాంజనేయులు గారి ఇంటి ముందు ఆయన మనవరాలు పట్టు పరికిణీ ఓణీలో, జడగంటలతో నవ్వుతూ ఉంది. పైన ‘అశ్రునివాళి’ అని ఉంది. ఓణీల ఫంక్షనుకి వచ్చిన చుట్టాలు అది చూసి ఘొల్లుమన్నారు. రామాంజనేయులు ట్రాక్టరు నిండా మనుషుల్నేసుకుని షాపు మీదికొచ్చాడు. “ఒరేయ్ తోమా! బయటికి రారా! నా మనవరాల్ని చంపేస్తావంట్రా!” అని వీధంతా అదిరేలా అరిచాడు. తోమా మిషను వెనకే ఉండిపోయాడు. జెస్సీయే బయటికెళ్లి, “తప్పు మాదే తాతయ్యా, గంటలో కొత్తది నేనే తెచ్చి కడతాను,” అని చెప్పి, అన్నట్టే చేసి, అక్కడే భోజనం కూడా చేసొచ్చింది. ఆ సాయంత్రం తన కంప్యూటరు ముందు కూర్చుని ఏదో సర్దింది. ఆ తర్వాత అలాంటి పొరపాటు మళ్లీ జరగలేదు.

పోయినేడు మిరపకోతలప్పుడు జెస్సీకి జ్వరమొచ్చింది. తగ్గింది, మళ్లీ వచ్చింది. గుంటూరు తీసుకెళ్లారు. చర్చిలో ఈస్టరుకి పాడాల్సిన పాట సగం నేర్చుకుని పెట్టిన పిల్లని, ఆ ఈస్టరు రాకముందే సమాధుల తోటలో మట్టి చేసి వచ్చారు.

భూస్థాపన రోజున తోమా ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు సర్దాడు, మంచినీళ్లు అందించాడు. చర్చివాళ్లు ఇంటికొచ్చి ఓదార్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయిన మర్నాడే జెస్సీ గదిలోకెళ్లి, పని ఫైళ్లన్నీ అందులోంచి తీసి తన షాపు కంప్యూటర్లోకి మార్చేశాడు. సంతోషకుమారి గుమ్మంలో నిలబడి చూసింది. “పిల్ల పోయి నాలుగు రోజులు కాలేదు. అప్పుడే దాని డబ్బా ఖాళీ చేస్తున్నారా?” అంది. “పని పని దగ్గరుండాలి,” అన్నాడాయన తల తిప్పకుండా. ఆ మాట ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి ఆ కంప్యూటర్లో జెస్సీవే మిగిలాయి. కాలేజీ ఫోటోలు, క్రిస్మస్ ఫోటోలు, అన్నింటికీ మించి పాటలు. గదిలో తలుపేసుకుని మైకు ముందు పాడుకుని, తనే విని, తప్పులు చూసుకుని మళ్లీ పాడేది. అవన్నీ అలాగే ఉన్నాయి. వానాకాలంలో కరెంటు ఎగిసి దాని మోనిటరు కాలిపోయింది. అయినా నష్టం లేదు. తన గదిలోంచే తెరుచుకునేది కాబట్టి సంతోషకుమారి కొత్తది కొనిపించలేదు. రోజూ భోజనం అయ్యాక ఒక పాట, ఒక్కోరోజు రెండు. పొద్దున తెరిస్తే రాత్రి పడుకునేదాకా ఆ ఫోల్డరు మూసేది కాదు. “కాపీ చేసి పెట్టుకోరాదా అక్కా,” అని కోటేషు ఒకసారన్నాడు. ఆమెకి మనసొప్పలేదు. పిల్లవి పిల్ల గదిలోనే ఉండాలి. తల్లి వెళ్లి చూసి రావాలి గాని, మోసుకొచ్చి ఇంకెక్కడో పెట్టుకుంటే పిల్ల గది బోసిపోతుందని ఆమె బాధ.

ఇప్పుడు సంవత్సరం కూడిక దగ్గరపడింది. ఆదివారం చర్చిలో ప్రార్థన, తర్వాత భోజనాలు. చర్చి గేటు దగ్గర జెస్సీ ఫ్లెక్సు పెద్దది కట్టాలని సంతోషకుమారి అనుకుంది. దర్శి వెళ్లడానికి ముందురోజు ఆ మాటే తోమాతో అంటే, “మన పిల్లకి ఫ్లెక్సు వద్దు,” అన్నాడు.

“ఎందుకొద్దు?”

ఆయన మిషనులో గుడ్డ సర్దుకుంటూ పోయాడు.

“ఊళ్లో అందరి చావులకీ మిషను తిప్పుతారు. మీ కూతురికి మాత్రం చేతులు రావా?”

“వద్దన్నాను కదా కుమారీ. ఆ ఫోల్డరు కూడా ఇంక మూసెయ్. పొద్దస్తమానం అదే పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటావు?”

ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే దర్శి బస్సెక్కి, బస్సులోంచి ఫోను చేసి చెప్పింది. రెండు వారాల్లో ఆయన రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ వాళ్లక్క కాలు సంగతే అడిగాడు.

ఇప్పుడు తిరిగొస్తే ఇదీ పరిస్థితి. ఆ రోజూ మర్నాడూ తీరిక దొరికినప్పుడల్లా జెస్సీ పేరు మీద నొక్కుతూనే ఉంది. మిగతావన్నీ మామూలే. పై నుంచి కిందికి ఫైళ్లు పోతున్నాయి, కింద నుంచి పైకి వస్తున్నాయి. జెస్సీ ఒక్కతే పలకడం లేదు. తోమాని అడుగుదామని మెట్లదాకా వెళ్లి వెనక్కొచ్చింది. అడిగితే ‘తీసేశాను’ అంటాడేమో. ఆ మాట చెవులారా వింటే ఆ మనిషికి మళ్లీ అన్నం వడ్డించడం తన వల్ల కాదని ఆమె భయం.

తోమా అన్నానికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. “కల్లంలోంచి కారం వస్తోంది,” అన్నాడు ఎవరూ అడక్కుండానే. నిజమే. ఇంటి వెనక ఖాళీ స్థలంలో మిరప కల్లం. ఈ నెలల్లో వీధంతా దగ్గుతుంది, తుమ్ముతుంది, అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. తిని కిందికెళ్లి మిషను వేశాడు. మధ్యాహ్నాలు మిషను వేయడం ఈమధ్య మొదలైన అలవాటు. ఊరంతా కునుకు తీసే వేళ ఈయనకేం తొందరో అని పైన ఆమె విసుక్కుంది.

మూడో రోజు ఇంక ఉండబట్టలేక కోటేషుకి ఫోను చేసింది.

కోటేషు నలభై ఏళ్ల మనిషి. ఆ వీధికంతా నెట్టు వైర్లు లాగింది అతనే. భోజనాలయ్యాక వచ్చి, షాపులోకి పోకుండా పక్కమెట్ల మీంచి పైకొచ్చాడు. అలా రమ్మని ఆమే చెప్పింది. కింద మిషను మోతగా తిరుగుతోంది.

“ఏమైందక్కా?”

“జెస్సీది తెరుచుకోవట్లేదు కోటేషూ. మీ అన్న తీసేశాడేమో చూసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నన్ను ఊరడించొద్దు.”

కోటేషు ఆమె మొహం చూసి మాట పెంచకుండా కుర్చీ లాక్కున్నాడు. నెట్టు డబ్బా లైట్లు చూశాడు. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏవో అంకెలు కొట్టాడు. గీతలు గీతలుగా జవాబొచ్చింది. “పలుకుతోందక్కా. డబ్బా బతికే ఉంది, వైరూ బాగానే ఉంది,” అన్నాడు. జెస్సీ పేరు మీద నొక్కాడు. అదే పెట్టె వచ్చింది. మూడు రోజులుగా ఆమె ఆ పెట్టెని చూడగానే మూసేస్తోంది. కోటేషు మూయలేదు. మూలన ఉన్న చిన్న అక్షరాల మీద నొక్కి, ఇంగ్లీషులో వచ్చిన నాలుగు ముక్కలూ పెదాలు కదుపుతూ చదివాడు.

“తీసేయలేదక్కా.”

సంతోషకుమారి మంచం అంచున కూలబడింది. కళ్లమ్మట నీళ్లు వాటంతటవే కారిపోయాయి. మూడు రోజులుగా మొగుణ్ని మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

“తీసేస్తే ఇలా రాదు,” అన్నాడు కోటేషు. “అది అక్కడే ఉంది. కానీ ఇంకెవరో లోపల ఉన్నారంట. పట్టినంతమంది ఉన్నారు, నీకు చోటు లేదంటోంది.”

“ఎవరో ఉండడమేంటి?”

“ఎవరో తెరిచి కూర్చున్నారన్నమాట. మీ వైఫై పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చారా?”

ఇచ్చింది. ఎదురింటి గుల్షన్ పిల్లలకి పరీక్షలప్పుడు ఇచ్చింది. పక్కింటి షానవాజ్ కొత్త ఫోను కొన్నప్పుడు ఇచ్చింది. ఈ వీధిలో పాస్‌వర్డు అంటే పెరుగు తోడులాంటిది, అడిగితే లేదనడానికి ఉండదు. ఇప్పుడా పాస్‌వర్డుతోనే ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తన పిల్ల ఫోటోలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. తల్లిని గుమ్మం బయట నిలబెట్టి లోపల కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

“ఎవడో చూడు కోటేషూ. వాడెవడో నాకిప్పుడే తెలియాలి.”

“అది ఆ డబ్బాలోనే చూడాలక్కా. దానికి మోనిటరు లేదుగా. ఉండు,” అని దిగిపోయి, దగ్గర్లోనే ఉన్న తన ఇంటినుంచి పాత మోనిటరు ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు.

జెస్సీ గది కిటికీలు ఏడాదిగా సరిగ్గా తెరవలేదు. అయినా కల్లం దుమ్ము ఎక్కడ్నుంచో వచ్చి అన్నింటిమీదా సన్నగా పేరుకుంది. మైకుకి దుమ్ము పట్టకుండా జెస్సీ చుట్టిన చేతిరుమాలు అలాగే ఉంది. సంతోషకుమారి కొంగుతో బల్ల తుడిచింది. కోటేషు వైరు గుచ్చగానే, ఏడాదిలో సగం చీకట్లోనే పనిచేసిన ఆ కంప్యూటరు మళ్లీ మొహం చూపించింది. తెర మీద గుండ్లపల్లి చర్చి యూత్ మీటింగులో తీసిన ఫోటో. చివర్న ఎండకి కళ్లు చికిలించుకుని జెస్సీ నిలబడి ఉంది.

కోటేషు ఎక్కడెక్కడో నొక్కుతూ, లోపలెవరున్నారో చూపించే ఒక పట్టీ దగ్గరికి వచ్చాడు. అందులో ఒకే ఒక వరస ఉంది. అతను దాన్ని చూసి, ఆమె వైపు చూసి, మళ్లీ దాన్ని చూశాడు.

“అక్కా,” అన్నాడు మెల్లగా, “బయటివాళ్లెవరూ కాదు. కింద షాపు కంప్యూటరే.”

ఆమెకి అర్థం కాలేదు. “షాపుదా? దానికి ఇక్కడేం పని? పని ఫైళ్లన్నీ అప్పుడే తీసుకుపోయాడుగా.”

“పని కాదక్కా. పాటల్లో ఉన్నాడు. నువ్వు దర్శి వెళ్లిన రోజు నుంచీ తెరిచే ఉంది. ఇప్పుడు కూడా ఒకటి మోగుతోంది.”

కింద మిషను ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. ఆ మోత ఆమె కాళ్ల కింద నేలలో తెలుస్తోంది.

“అన్నకి తెలిసుండదులే, తను తెరిస్తే నీకు రాదని,” అన్నాడు కోటేషు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. “ఇదిగో, ఇక్కడ చూడు. ఈ ఫోల్డర్లోకి ఒకసారికి ఒక్కరే రావాలని పెట్టి ఉంది. ఒకటి అని అంకె. మామూలుగా ఇరవై దాకా ఉంటుంది. ఈ ఒకటి ఎవరు పెట్టారు?”

ఎవరు పెట్టారో సంతోషకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. రామాంజనేయులు గారి మనవరాలి ఫ్లెక్సు రోజు. సాయంత్రం ఇదే కుర్చీలో వెనక్కి తిరిగి, వేలు చూపిస్తూ, “ఇక మీ ఇద్దర్నీ నమ్మను. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయటే. కావాలంటే కేకేసి అడగండి,” అంది జెస్సీ. కొన్నాళ్లు ఆ ఇంట్లో అదే కేక. ‘ఏవండీ, బయటికి రండి, నేను తెరవాలి!’ అని ఈమె మెట్ల మీంచి, ‘ఇంకా అవలేదా కుమారీ!’ అని ఆయన కిందనుంచి. పని ఫైళ్లు కిందికి పోయాక ఆ కేకల అవసరం తీరింది. ఏడాదిగా ఈ ఫోల్డర్లోకి వచ్చేది తనొక్కతే అనుకుంది. ఆయనకి ఆ ఊసే పట్టదనుకుంది.

తను పొద్దున తెరిచి రాత్రిదాకా మూసేది కాదు. అంటే ఏడాదిగా ఆయన బయటే ఉన్నాడు. ‘ఇంక మూసెయ్, పొద్దస్తమానం అదే పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటావు’ అన్న మాట ఆమెకి మళ్లీ వినపడింది. ఈసారి వేరేలా వినపడింది. అడగడం చేతకాని మనిషి, ఆ మాటతో అడిగాడు.

“చిటికెలో పనక్కా,” అన్నాడు కోటేషు. “ఒకటి తీసి రెండు కొడతాను. ఇద్దరూ ఎవరి చోట వాళ్లు వినొచ్చు. లేదా ఇక్కడ నొక్కితే అన్న బయటికి వచ్చేస్తాడు, నీకు తెరుచుకుంటుంది.”

“ముట్టుకోకు!” అంది సంతోషకుమారి. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. “దాన్ని అలాగే ఉండనీ. పిల్ల పెట్టింది.” తర్వాత నెమ్మదిగా అడిగింది. “ఏ పాట వింటున్నాడు?”

కోటేషు చదివాడు. “పాట పేరు లేదక్కా. ‘వేస్టు’ అని ఉంది.”

జెస్సీ పాడు చేసుకున్న రికార్డింగులన్నీ ఆ పేరుతో పక్కన పడేసేది. ఏడాదిలో సంతోషకుమారి వాటి జోలికి పోలేదు. వినడానికి మంచివి అన్ని ఉండగా పాడైపోయినదాన్ని ఎవరు తెరుస్తారు?

ఆమె మెట్లు దిగింది.

షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల రంగుల ఘాటు, బయటినుంచి మిరప ఘాటు. మిషను మీద పొద్దున చనిపోయిన వెంకటరావమ్మ అనే పెద్దావిడ బొమ్మ నుదురు నుంచి కళ్లదాకా వచ్చి ఉంది. తోమా వీపు గుమ్మం వైపు ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. రెండు చేతులూ బల్లమీద ఆనించి, తల వాటి మధ్య వాల్చి కూర్చున్నాడు. మిషను మోతలో ఏమీ వినపడటం లేదు గాని ఆయన భుజాలు అదురుతున్నాయి. భూస్థాపన రోజున కుర్చీలు సర్దిన మనిషి, ఊరంతా పడుకున్న వేళ మిషను మోత చాటున కూర్చుని ఏడుస్తున్నాడు. కళ్లు ఎందుకెర్రగా ఉన్నాయని అడిగితే చెప్పడానికి కల్లం ఒకటి ఉండనే ఉంది.

ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి లేచి, హెడ్‌ఫోన్లు లాగేసి, చెయ్యి మౌసు మీదికి పోనిచ్చాడు.

“మూయకండి,” అంది ఆమె.

“ఏం లేదు కుమారీ, ఊరికే…”

“మీరు తెరిస్తే నాకు రాదు. నేను తెరిస్తే మీకు రాదు. అది పెట్టి వెళ్లింది, గుర్తులేదా?”

ఆమె తెరిస్తే తనకి రాదని తెలుసు గాని, తను తెరిస్తే ఆమెకీ రాదన్నది ఆయనకి ఇప్పుడే గుర్తొచ్చింది. “నీకు రావట్లేదా?” అన్నాడు. “వచ్చిన కాణ్నుంచీనా? చెప్పొద్దూ!”

“మీరు చెప్పారా, ఏడాదిగా?”

తోమా మళ్లీ కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆమె కస్టమర్లు కూర్చునే స్టూలు లాక్కుని ఆయన పక్కన వేసుకుంది. అలా పక్కపక్కన కూర్చుని చాలా రోజులైంది.

“ఫ్లెక్సు ఎందుకొద్దన్నారు?” అంది. ఈసారి పోట్లాటగా అడగలేదు.

తోమా వెనక కిటికీ వైపు చెయ్యి చూపించాడు. కల్లంలో మిరపకాయల కుప్పలు. మంచుకి తడవకుండా వాటిమీద కప్పడానికి పట్టలతోపాటు పాత ఫ్లెక్సులు కూడా పక్కన మడతలు పెట్టి ఉన్నాయి. ఆమె రోజూ చూసేవే.

“మొన్న క్రీస్తుదాసు పాస్టరు గారి అమ్మగారిది చూశాను. మన మిషను మీద వేసిందే. మడతపెట్టి కింద పరుచుకుని కూలోళ్లు అన్నాలు తింటున్నారు. సరిగ్గా ఆమె మొహమ్మీద కూర చట్టి పెట్టారు. వాళ్లదేం తప్పు కాదు, గట్టి గుడ్డ, దేనికైనా పనికొస్తుంది. కూడిక అయిపోయాక ఎవరో ఒకరు విప్పుకుపోతారు, మనం కాపలా ఉంటామా?” ఆయన కిటికీ మీంచి చూపు తిప్పేసుకున్నాడు. “నా చేత్తో వేసిన పిల్ల మొహాన్ని ఎవరి పశువుల కొట్టం మీదో నేను చూడలేను కుమారీ.”

సంతోషకుమారి ఆయన చెయ్యి పట్టుకుంది. ఫ్లెక్సు ఊసు అక్కడితో వదిలేసింది. “పాట పెడదాం,” అంది. “ఆదివారం చర్చిలో దాని పాటే పెడదాం. అది చాలు.”

ఆయన తలూపాడు.

“ఇదేంటి, ‘వేస్టు’ వింటున్నారు?”

తోమా హెడ్‌ఫోన్ల వైరు పీకేసి, మొదటినుంచి పెట్టాడు. స్పీకర్లలోంచి మొదట ఏదో మోత వచ్చింది. మిషను మోతే. షాపులో తిరుగుతున్న మిషనూ, రికార్డింగులో తిరుగుతున్న మిషనూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. దానిమీద జెస్సీ పాట ఎత్తుకుంది. ఒక వరస పాడి ఆగిపోయింది.

“నాన్నా! ఒక్క నిమిషం మిషను ఆపవా? పాడుతున్నాను!”

దూరం నుంచి, మెట్ల కిందనుంచి, తోమా గొంతు. “మధ్యలో ఆపితే గీత పడుద్దమ్మా! అయిపోవచ్చింది, ఆగు!”

ఇంకా దగ్గర్నుంచి, పక్కగదిలోంచి, సంతోషకుమారి గొంతు నవ్వుతూ. “ఏవండీ, ఆపండి పాపం!”

ఏడాదిగా ఆమె విన్న పాటల్లో జెస్సీ ఒక్కతే ఉంది. ఇందులో ముగ్గురూ ఉన్నారు. సంతోషకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆ రోజు ఆపలేదు,” అన్నాడు తోమా. “ఎవరిదో కూడా గుర్తులేదు ఆ ఫ్లెక్సు.”

ఆయన లేచాడు. మిషను దగ్గరికెళ్లి, వెంకటరావమ్మ గారి ముక్కు ఇంకా పడకముందే, మధ్యలో ఆపేశాడు. గీత పడింది. ఆ గుడ్డంతా దండగ, మళ్లీ మొదటినుంచి వేయాలి. షాపంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. రికార్డింగులో మాత్రం మిషను ఇంకా తిరుగుతూనే ఉంది, దానిమీద జెస్సీ “సర్లే” అని నవ్వి, ఆ మోతలోనే మళ్లీ పాట ఎత్తుకుంది. నాలుగు వరసలు పాడింది. అయిపోయింది.

పైనుంచి కోటేషు మెట్ల మీద నిలబడి కేకేశాడు. “అక్కా, మోనిటరు తీసుకుపోనా?”

“ఉండనీ కోటేషూ, రేపు తీసుకుపోదువులే,” అంది. అని, మొగుడి వైపు తిరిగింది. ఆయన మిషను పక్కనే, ఆపిన మీట మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడి ఉన్నాడు.

“వచ్చి కూర్చోండి,” అంది. “మళ్లీ పెట్టండి.”

తోమా వచ్చి ఆమె పక్కన కూర్చుని, మళ్లీ మొదటినుంచి పెట్టాడు.